సాయవ్వ కోసం బడా పహాడ్ దాకా

బడా పహాడ్ చూడాలని బయల్దేరిన ప్రయాణం కాదిది. ఒక మనిషి లేచి తిరుగుతోందో, మంచం పట్టిందో తేల్చుకోవడానికి బయల్దేరి, చివరికి ఆ గుట్ట కింద తేలాను. నిజామాబాద్ నుంచి బోధన్, వర్ని మీదుగా దర్గాకు వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొచ్చే దారి వివరాలు ఇందులో ఉంటాయి. కాకపోతే మధ్యలో నా కంగారంతా మీరు భరించాలి. సాయవ్వ అన్నది ఆమె అసలు పేరు కాదు. బ్లాగులో రాస్తానంటే తనే ముచ్చటపడి పెట్టుకున్న పేరు.

నేను నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సును. మా డాక్టరుగారు చెరుకు కోతల కాలంలో పాము కరిచి వచ్చినవాళ్ళను, ఇంటికి పోయాక కూడా కొన్ని నెలలపాటు గమనిస్తున్నారు. రక్తపింజర కాటుకు కిడ్నీలు దెబ్బతింటాయి. ఆ దెబ్బ ఎవరిలో మానుతుంది, ఎవరిలో మానదు అన్నది ఆయన తెలుసుకోవాలనుకుంటున్నది. పాత కాగితాలు తిరగేసే పని కాదు, మనిషి వచ్చి చేరిన రోజు నుంచి ముందుకు చూసుకుంటూ పోవాలి. వైద్యం అందరికీ జరిగేదే జరుగుతుంది. దాని మీద మేం కొత్తగా ఇచ్చేదేమీ లేదు. పిలుస్తాం, అడుగుతాం, కాస్త రక్తం తీసి పరీక్షకు పంపుతాం, రాసుకుంటాం. "గింత దూరమస్తే గోలి ఇయ్యరు, సూది ఇయ్యరు, రక్తం గుంజుకొని పంపిస్తరు" అని వచ్చినవాళ్ళు బయట బెంచీ మీద కూర్చుని తిట్టుకుంటారు. వాళ్ళ చోట నేనున్నా తిట్టుకునేదాన్నే.

సాయవ్వ బోధన్ దగ్గరి ఊరిలో చెరుకు కోతకు పోయి, మడమ దగ్గర కాటు తిని వచ్చింది. నేను చూసిన సాయవ్వకు కళ్ళు లేవు, అంత వాపు. ఇంటికి పంపేనాటికి ప్రాణం గట్టిపడింది గానీ, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ మాత్రం రక్తంలో దిగలేదు. మొదటిసారి పిలిస్తే వచ్చింది, అప్పుడూ అది ఎక్కువగానే ఉంది, ముఖం వాపూ దిగలేదు. తర్వాత రానేలేదు. ఊళ్ళో కిరాణా దుకాణం ఫోనుకు చేస్తే అత్త లచ్చవ్వ వచ్చి మాట్లాడేది.

"ఎట్లుందవ్వా సాయవ్వ?"

"ఏమున్నది బిడ్డా, గట్లనే ఉన్నది."

"మొఖం వాపు దిగిందా? ఒంటేలు మంచిగస్తున్నదా?"

"ఏం జెప్పాలె. గట్లనే."

మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే మాట. వాపు దిగక, మూత్రం సరిగ్గా రాక ఇన్ని వారాలంటే ఏమవుతుందో ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు. డాక్టరుగారికి చెబితే ఆయన పెన్ను కింద పెట్టేశారు. "వచ్చినవాళ్ళ లెక్క మాత్రమే చెప్పి రానివాళ్ళను వదిలేస్తే మనం చూసింది సగమే. నువ్వే వెళ్ళు. ఏ కొంచెం వాపు కనపడినా రాసుడు గీసుడు పక్కకు పెట్టి, బండిల ఏస్కొని ఇక్కడికి తీస్కరా" అన్నారు. మొన్న బేస్తవారం పొద్దున అలా బయల్దేరాను.

నిజామాబాద్ బస్టాండు నుంచి బోధన్‌కు బస్సులు వెంటవెంటనే దొరుకుతాయి. టికెట్టు పన్నెండు రూపాయలు, సుమారు గంట దారి. ఇప్పుడు పసుపు సీజను కదా, యార్డుకు పోయే బండ్లు ఎదురై బస్సంతా ఆ ఘాటే. నా ఒళ్ళో స్టీలు డబ్బా, అందులో ఐసు, సిరంజీలు, సీసాలు. పక్కనున్న పెద్దావిడ "కుల్ఫీలా బిడ్డా?" అని అడిగింది. కాదన్నాక నా మీద నమ్మకం తగ్గి కిటికీ వైపు తిరిగింది. ఎడపల్లి దాటినప్పటి నుంచీ రెండు పక్కలా చెరుకే. కోసిన మడులు, కోయని మడులు, లోడు మీద లోడెక్కించుకుని మెల్లగా పోయే ఎడ్లబండ్లు. వాటిని దాటడానికి మా డ్రైవరు కొట్టిన హారనుకు లెక్కలేదు. బోధన్ చేరేసరికి చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరుకు మడ్డి వాసన ముక్కుకు తగులుతుంది. కొత్తవాళ్ళకు కడుపులో తిప్పుతుంది, కాసేపటికి అలవాటవుతుంది. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తినేయండి, తర్వాత దారిలో చెప్పుకోదగ్గవేమీ లేవు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

సాయవ్వ వాళ్ళ ఊరికి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు ఖాజా భాయ్, నలభై ఏళ్ళుంటాయి, మాటకారి. ఇంటికి చేరితే తాళం. పక్కింటి అరుగు మీద చాటలో తంబాకు పెట్టుకుని ఒకామె బీడీలు చుడుతోంది. చేతులు ఆపకుండానే చెప్పింది. "అందరు బడా పహాడ్ పోయిండ్రు, కందూరు చేస్తున్నరు. పొద్దుగాలనే ట్రాక్టర్ కట్టుకొని పోయిరి."

కందూరు అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. దర్గాకు మొక్కుకున్నవాళ్ళు, హిందువులైనా ముస్లిములైనా, యాటను, అంటే మేకనో గొర్రెనో, తీసుకుపోయి ముల్లాతో కోయించి, వండి, ప్రార్థన చదివించి ఫాతెహా ఇప్పించి, చుట్టాలందరికీ పెడతారు. అప్పటికి మొక్కు తీరినట్టు. మా జిల్లాలో మామూలే. అయితే గుట్టకు బాగైనవాళ్ళూ పోతారు, బాగు కావాలని మోసుకుపోయేవాళ్ళూ ఉంటారు. నా భయమంతా అక్కడే.

"సాయవ్వ గూడ పోయిందా?"

"ఆమె కోసమే గదా కందూరు."

"తనంతల తనే ఎక్కిందా ట్రాక్టరు?"

"నేను జూడలే అక్కా. ఎక్కిందో, ఎత్తి కూసవెట్టిండ్రో. నేను ఆకు కత్తిరిస్తున్న."

ఖాజా భాయ్ అదంతా విని ఆటో స్టార్టు చేస్తూ ఇంకో ముక్క అంటించాడు. "బీమారోళ్ళను తీస్కపోతే ట్రాక్టర్ల పరుపేస్తరక్కా. పరుపు ఏసిండ్రా లేదా, గది అడగకపోతివి." ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఆ తర్వాత దారంతా నా కళ్ళకు ఆ పరుపే కనబడింది. రానూ పోనూ, ఆగడంతో కలిపి రెండువందలకు ఒప్పుకున్నాడు. మీరైతే ఇంత ఖర్చు పెట్టక్కర్లేదు. బోధన్ నుంచి రుద్రూర్ మీదుగా వర్ని దాకా బస్సుంది, వర్ని నుంచి గుట్టకు షేరు ఆటోలు మనిషికి పది రూపాయలు. రుద్రూర్ దాటాక చెరుకు తగ్గి వరి మొదలవుతుంది, నిజాంసాగర్ కాలవ నీళ్ళు. ఆ పచ్చదనం మామూలు రోజైతే ఆగి చూడదగ్గది. నేను మాత్రం ఎదురొచ్చే ప్రతి ట్రాక్టరులోకీ తొంగి చూస్తూ కూర్చున్నాను. ఒకదాంట్లో ఎవరో పడుకుని ఉంటే ఖాజా భాయ్‌తో బండి ఆపించాను కూడా. పడుకున్నది తాగినాయన. నన్ను చూసి దండం పెట్టాడు.

పదకొండు దాటాక గుట్ట చేరాం. బేస్తవారం కావడంతో జాతరలా ఉంది. గుట్ట కింద చెట్టుకో పొయ్యి, పొయ్యికో కుటుంబం, పొగ, మసాలా వాసన, మేకల అరుపులు. పైకి పోయే మెట్ల మీద, సమాధి మీద కప్పే పూల దట్టీలు పట్టుకున్న జనం. ఆ గుంపులో సాయవ్వను ఎలా పట్టుకోవడం? పొయ్యి పొయ్యికీ ఆగి అడుక్కుంటూ పోయాను. చివరగా ఒక ట్రాక్టరు నీడన కత్తిపీట ముందేసుకుని ఉల్లిగడ్డలు కోస్తున్న ఆమె దగ్గర ఆగాను.

"సాయవ్వ వాళ్ళ కందూరు ఏడనమ్మా? పాము కరిసిన సాయవ్వ."

ఆమె తలెత్తి నన్ను చూసి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "నన్నే అడుగుతున్నవా మేడం? నేనే గదా సాయవ్వను!"

నాకు తెలిసిన ముఖం కాదది. చెంపలు లోపలికి ఉన్నాయి, గడ్డం కోసుగా ఉంది, కళ్ళు పెద్దవి. వాపు లేని సాయవ్వను నేను ఒక్కసారీ చూడలేదు మరి, ఎలా గుర్తుపడతాను? అక్కడే కూలబడి ఆమె కాలు ముందుకు లాక్కుని పాదం మీద బొటనవేలితో నొక్కాను. వాపుంటే గుంట పడాలి, పడలేదు. ఇంకో కాలు నొక్కాను. పడలేదు. కళ్ళ కింద రెప్పలు లాగి చూశాను. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఉల్లిగడ్డల మీదికి నెట్టేశాను గానీ, అది ఉల్లిగడ్డల ఏడుపు కాదని సాయవ్వకు తెలిసిపోయింది.

ఇంతలో లచ్చవ్వ వచ్చింది. నా సంతోషమంతా కోపమై ఆమె మీద పడింది.

"ఏందవ్వా, కోడలు బంగారం లెక్క ఉన్నది! ఫోన్ల గట్లనే గట్లనే అని నా పానం దీస్తివి గదా. మంచిగైందా లేదా, ఇప్పుడన్న జెప్పు!"

లచ్చవ్వ కంగారుగా అటూ ఇటూ చూసింది. "ష్! జర ఆగు బిడ్డా. ఇంక ఫాతెహా గాలె. కూసో."

కూర్చున్నాను. ఏమడిగినా తల అడ్డంగా ఊపింది తప్ప నోరు విప్పలేదు. వంట అయ్యింది, ముల్లా వచ్చి ఫాతెహా ఇచ్చాడు. బెల్లం కలిపి నలిపిన రొట్టెల మలీద అందరి చేతుల్లో పెట్టారు. లచ్చవ్వ సాయవ్వ నోట్లో ఇంత పెట్టి, నా చేతిలో ఇంత పెట్టి, కొంగు దులుపుకుని నా ఎదురుగా బాసిపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇగ అడుగు బిడ్డా. ఏమేం అడుగుతవో అన్నడుగు."

నేను నోరు తెరిచేలోపే తనే అందుకుంది. "నువ్వు మొదలు ఫోన్ జేసిన్నాడే ఒంటేలు మంచిగస్తుండె. రెండోపారి జేసిన్నాడు ఇది కట్టెలకు పోయింది. మూడోపారి నా పక్కపొంటే నిలవడి కిసకిస నవ్వుతున్నది."

"మరి జెప్తే ఏమైతుండె అవ్వా?"

"మొక్కు దీరకముందే బాగైందని నోటితోని అంటమా? గా సామి ఇనడా? బాగైందనుకుంటనే నా మొక్కు ఎగ్గొడుతున్నరు అనుకోడా? కోతలు నడుస్తుంటే చుట్టాలందరు ఒక్కతాన దొరుకుడు గాలె. గందుకే గిన్నొద్దులైంది."

"దవఖానకన్న పంపియ్యొద్దా మరి?"

"దవఖానకస్తే నువ్వు రాస్తవు గదా బిడ్డా. అంటేనే తప్పైతే, రాస్తే ఎంత తప్పు?"

విస్తరి ముందు కూర్చున్న ఖాజా భాయ్ "సహీ బాత్" అని బోటీ కూర ఇంకొంచెం వేయించుకున్నాడు. సాయవ్వ జాకెట్టు చేయి పైకి జరిపి నా ముందు చాపింది. "ఇగ తియ్యి మేడం, ఎంత గావాల్నో." రక్తం తీసి సీసాల్లో పెట్టుకుని, సోడాబండి దగ్గర ఐసు కొని డబ్బాలో కొత్తగా నింపుకున్నాను. పొద్దుటి నుంచీ దిగని ముద్ద అప్పుడు దిగింది. రెండుసార్లు అడిగి మరీ పెట్టించుకున్నాను. తిన్నాక పైకెక్కి దర్గా చూసి వచ్చాను. పైన గాలి బాగుంటుంది, చుట్టూ చెరువులు, మడులు కనిపిస్తాయి. నీళ్ళ సీసా కిందే కొనుక్కోండి.

ఖాజా భాయ్‌ని వర్నిలోనే పంపించేశాను. అక్కడి నుంచి నేరుగా నిజామాబాద్‌కు బస్సుంది. ఆసుపత్రి చేరి సీసాలు ల్యాబులో ఇచ్చేసరికి సాయంత్రమైంది. డాక్టరుగారు నా కోసమే ఆగి ఉన్నారు. "ఎలా ఉంది సాయవ్వ?" అన్నారు. పాదం నొక్కి చూసినదాన్ని, పొద్దున్నుంచీ దారంతా దిగులుపడ్డదాన్ని, ఆమె చేతి వంట తిని వచ్చినదాన్ని. ఎగిరి గంతేసి బాగుంది అనాలి కదా! కానీ రిపోర్టు ఇంకా రాలేదు. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "గట్లనే ఉంది సార్."

ఆయన ముఖం పాలిపోయింది. పాపం, జరిగిందంతా అప్పుడు చెప్పాను. కాసేపటికి ల్యాబు నుంచి కాగితం వచ్చింది. క్రియాటినిన్ మామూలు స్థాయికి దిగింది. "బాగైంది సార్!" అని అరిచాను. వరండాలో బెంచీ మీదున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

తర్వాత ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఫోన్లో చెప్పింది చెప్పినట్టే ఉండనిచ్చి, ఇవాళ చూసింది ఇవాళ్టి కింద రాయమన్నారాయన. కానీ అడిగే తీరు మార్చాలని నాకు అనిపించింది. ఎట్లుంది అంటే మొక్కు అడ్డం వస్తుంది, దిష్టి అడ్డం వస్తుంది. పొద్దున ఏం పని చేసింది, కట్టెలెవరు తెచ్చారు, నీళ్ళెవరు మోశారు అంటే ఏ లచ్చవ్వా దాచదు. నాలుగు నెలలుగా నేను చేస్తున్న పనికి ఇది చాలా చిన్న సవరణ. అయినా ఆ రాత్రి ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపట్టింది. మనం గమనిస్తున్నామనుకుంటాం గానీ వాళ్ళూ మనల్ని గమనిస్తూనే ఉంటారు, ఏ మాట ఎప్పుడు చెప్పాలో చూసుకుంటూ ఉంటారు. ఆ మాట కోసం గుట్ట దాకా పోవాల్సి వచ్చినందుకు నాకిప్పుడు ఏ బాధా లేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. బేస్తవారం పోతే షేరు ఆటోలు సులువుగా దొరుకుతాయి, చీకటి పడకముందే వర్ని చేరుకోండి. గుట్ట కింద ఎవరైనా కందూరుకు పిలిస్తే కాదనకుండా కూర్చోండి. ఎట్లున్నరని మాత్రం మలీద చేతిలో పడ్డాకే అడగండి.