అరటి దొప్ప మీద పన్నెండు ఫిరంగులు

కంప్యూటర్లో ఆడే ఓడల ఆట ఒకటి ఉంది. ఆట తయారుచేసినవాళ్ళు ఇవ్వని ఓడల్ని సొంతంగా తయారుచేసి అందులో చేర్చుకునే తెలుగువాళ్ళ గుంపు ఇంటర్నెట్లో ఉంది. అలా చేర్చినదాన్ని మాడ్ అంటారు. ఆ గుంపుకి నేను మోడరేటర్ని. జీతం లేదు, కుర్చీ లేదు, ఎవరినైనా గెంటేసే బటన్ మాత్రం ఉంది. నన్ను పాడుచెయ్యడానికి ఆ బటన్ చాలింది.

ఆదివారం సాయంత్రాలు అమలాపురంలో స్నేహితులతో బల్ల చుట్టూ ఇంకో ఆట. నేను కథ చెబుతాను, వాళ్ళు నావికులై పాచికలు వేసి తుఫాను దాటతారు. ఆ కథ కోసమే పాత ఓడల చరిత్ర తవ్వేవాణ్ణి. గోదావరి తీరంలో కట్టిన ఒక పాతకాలపు సరుకు ఓడకి నా కథలో పన్నెండు ఫిరంగులు పెట్టాను. ఎక్కడా చదివి కాదు. పన్నెండంటే నిండుగా వినిపించింది, అంతే.

రాజోలు దగ్గర పడవ ఇంజన్లు బాగుచేసే ఒకాయన మా గుంపులో సభ్యుడు. సరిగ్గా అదే ఓడని రెండేళ్ళు కష్టపడి తయారుచేసి గుంపులో పెట్టాడు, నాలుగే ఫిరంగులతో. పన్నెండు ఉండాలన్నాను.

"పైన అంత బరువెడితే తిరగబడిపోద్దండీ" అన్నాడు.

ఆధారం చూపించమన్నాను.

"మా తాత పడవ నడిపేడండీ."

తాతలు ఆధారం కారని మూడు హెచ్చరికలిచ్చి గెంటేశాను. గెంటేస్తే ఆ మనిషి పెట్టినవన్నీ వాటంతట అవే చెరిగిపోతాయి. ఓడా పోయింది. ఆయన కంప్యూటర్ అప్పటికే వరద నీళ్ళలో నాని చచ్చిపోయిందనీ, ఆయన దగ్గర ఇంకో కాపీ లేదనీ నాకు తెలుసు.

అసలు తప్పు ఇంకొకటి ఉంది. ఆయన్ని గెంటెయ్యడానికి రెండు రోజుల ముందే ఆధారం నాకు దొరికింది. ఒక పాత నౌకాధికారి డైరీలో ఒక పేజీ. అలాంటి ఓడకి నాలుగు ఫిరంగులుండేవట, గాలి పెరిగితే వాటినీ కిందికి దింపేసేవారట. ఆ పేజీని 'ఇతరములు' అనే ఫోల్డర్లో పడేశాను.

తరవాతి ఆదివారం పొద్దున్న ఆయన కొత్తపేటలో మా ఇంటికి వచ్చాడు. చేతిలో చక్రకేళీ అరటి గెల, పక్కన వాళ్ళ బాబాయిగారు. తగువుని పెద్దల్లో పెట్టడానికి వచ్చారన్నమాట. మా వైపు పెద్ద మా పెదనాన్న. ఆయనకి ఫోన్ ఎత్తడం వచ్చు, పెట్టెయ్యడం రాదు.

"మావోణ్ణి మీ అబ్బాయిగారు ఎలేసేరంటండి" అన్నారు బాబాయిగారు.

"ఎలేసేడా! ఎందులోంచండీ?"

"ఫోన్లోంచండి."

"పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ పిలుత్తున్నారాండి మరి?"

"ఆయ్, అయ్యన్నీ మామూలేనండి. ఓడొకటే పోయిందండి."

పెదనాన్న ఆలోచించి, పరీక్ష పెట్టాలన్నాడు. పెరట్లోంచి అరటి దొప్ప తెప్పించి, పైన అట్టముక్క పరిచి, నీళ్ళ తొట్టిలో వదిలాడు. ఫిరంగుల బదులు నా ఇత్తడి పాచికలు పన్నెండు పేర్చాడు. దొప్ప వెంటనే బోల్తాకొట్టింది. పాచికలన్నీ అడుగుకి పోయాయి.

"గాలొచ్చింది. ఇది లెక్కలోకి రాదు" అన్నాడు పెదనాన్న.

రెండోసారి పాచికలు ఏరి పేర్చి, దొప్ప కిందికి వేలు పోనిచ్చాడు. నేను చూశాను. వాళ్ళిద్దరూ చూశారు.

"నిలబడిందా లేదా, బావగారూ?"

"మీ అంతోరు నిలబెడితే నిలబడదాండి" అన్నారు బాబాయిగారు ఎంతో మర్యాదగా.

తీర్పు నా వైపు వచ్చింది. ఇంజన్లాయన లేచి చేతులు కట్టుకున్నాడు.

"తప్పయిపోయిందండీ. నన్ను మళ్ళీ చేర్చుకోకపోయినా పర్లేదండి. పన్నెండే పెట్టుకోండి. ఓడ మాత్రం ఎలాగోలా తిరిగి తెప్పించండి."

నా అబద్ధానికి ఆయన క్షమాపణ చెప్పుకుంటున్నాడు. ఇంకో నిమిషం ఊరుకుంటే అది నాకు అలవాటైపోయేది. ఫోన్ తీసి, ఆ పేజీ పైకి చదివాను.

"ఆ ఏడుపేదో ముందే ఏడవొచ్చు కదరా! అరగంట నుంచి వేలు నానబెట్టుకుని చస్తన్నాను" అన్నాడు పెదనాన్న.

"ఇది మీకెప్పుడు దొరికిందండీ?" ఇంజన్లాయన అడిగాడు.

"మిమ్మల్ని గెంటకముందేనండి."

"ఆయ్" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఓడ కూడా నా దగ్గర ఉందని చెప్పాను. ఆదివారం కథలో చూపించుకోడానికి ఆయన్ని అడక్కుండానే ఎప్పుడో కాపీ చేసుకున్నాను. లాప్‌టాప్ తెచ్చి అరుగు మీద పెట్టాను. ఆయన ఓడని నెమ్మదిగా తిప్పితిప్పి చూసుకున్నాడు, అడుగు, చుక్కాని, తెరచాపలు. పైకి వచ్చేసరికి వేలు ఆగింది.

"ఇయ్యేంటండీ, పన్నెండున్నాయి?"

"నేనే పెట్టానండి."

"తీసెయ్యండి."

ఎనిమిదీ ఒక్కొక్కటే తీశాను. ఆయన లెక్కపెడుతూ నిలబడ్డాడు. తరవాత ఓడని ఆటలో తుఫానులోకి వదిలాడు. అది బాగా ఒరిగింది. నలుగురం ముందుకి వంగాం. లేచి నిలబడింది.

"గుంపులో మీరు చెప్తారాండి, నన్ను చెప్పమంటారా?" అన్నాడు.

"నేనే చెబుతానండి."

ఆయన చూస్తుండగానే రాయడం మొదలుపెట్టాను. ఆ పేజీ 'నా దృష్టికి రాలేదు' అని రాశాను. అది కొట్టేసి 'దాచాను' అని రాశాను.