అరవై ఒకటో నవాబు ఉంగరం

ఒక ఉంగరాన్ని చదివి మా మామ మీదికి పోలీసులను తెచ్చిన ఘనుణ్ణి నేను. ఉంగరాన్ని చదవడమేమిటని అడగకండి. వేలికి పెట్టుకునే వస్తువును చదవబోవడంలోనే నా తెలివి మీకు తెలిసిపోవాలి.

దొరలు కోటల్లాంటి తమ గడీలు విడిచి పట్నం పారిపోతున్న రోజులవి. నేను జనగామలో ఉర్దూ బడిలో చదువుతూ, నగలు చేసే ఒక ముసలి అవుసులాయన ఇంట్లో ఉండేవాణ్ణి. ఆయన దగ్గర కూర్చుని పాత ఉంగరాల సంగతి కొంత నేర్చుకున్నాను. "ముందుగాల లోపలి దిక్కు సూడాలె బిడ్డా, చేసినోడు తన గుర్తు గాడ గొడ్తడు. ఎంత అరిగిందో సూడు. ఎన్క రాయి సూడు. తెల్వకుంటే తెల్వదని చెప్పు" అనేవాడు. నాలుగు పాఠాల్లో మొదటి మూడూ శ్రద్ధగా నేర్చుకున్నాను.

సెలవులకు గూడూరు దగ్గర మా మేనత్త ఊరికి వెళ్లాను. అప్పటికే జనం అక్కడి గడీ తలుపులు బద్దలు కొట్టారు. అందులోని సామాను ఎవరు పట్టుకుపోయారో తేల్చడానికి పక్క ఊళ్లో పోలీసు క్యాంపు దిగింది. క్యాంపుకు నడిచి వెళ్లినవాళ్లను మంచం మీద మోసుకొస్తున్నారు. సరిగ్గా ఇలాంటి సమయంలో నాలాంటి పండితుడు ఊళ్లో అడుగుపెట్టాడు.

పొద్దున రాజయ్య మామ చేనికి వెళ్లాక, అత్త ఒక మట్టి గురిగిలోంచి ఉంగరం తీసి నా చేతిలో పెట్టింది.

"మా మామ, గదే మీ మామోళ్ల బాపు, సచ్చిపోయినకాన్నుంచి గిండ్లనే ఉన్నది. సదువుకున్నోనివి గదా, జర సూడు."

వెండి ఉంగరం. మీద ఎర్రరాయి, రాయి మీద చెక్కిన అక్షరాలు. చూస్తే ఉర్దూలాగే ఉన్నాయి, చదవబోతే ఒక్కటీ రావడం లేదు. ఉంగరాన్ని తిప్పాను, తర్వాత నా తలను తిప్పాను. రెండంకెలు మాత్రం పోల్చుకున్నాను: ఆరు, ఒకటి.

అప్పుడు "తెల్వదు" అంటే సరిపోయేది. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నాకు నాలుగు ఉర్దూ ముక్కలొస్తే పట్టపగలే పట్టమన్నాను.

"అత్తా, గిది ఉత్త ఉర్దూ గాదు. మా సారుకు గూడ రాని పాత రాత. నవాబుల ముద్ర."

"ఏ నవాబు కొడుకా?"

"అరవై ఒకటో నవాబు."

మన నిజామే ఏడోవాడు. ఆ లెక్క అత్తకు తెలియదు, నాకు గుర్తుకు రాలేదు.

"లోపల గీ గాట్లు ఏంది?"

"చేసినోని గుర్తు. ఢిల్లీ పనితనం."

"ఎంత జేస్తది?"

"రెండు జతల ఎడ్లొస్తయి. గట్టిగ అడిగితే మూడు."

అత్త ఉంగరం పెట్టుకుని నీళ్లకు వెళ్లింది. మామూలుగా రెండు బిందెలు తెచ్చే మనిషి ఆ రోజు ఆరు బిందెలు తెచ్చింది. చెయ్యి చూపించాలి కదా. మొదటి బిందెకు అది నవాబుగారి ఉంగరం, మూడో బిందెకు గడీలో దొరికిన ఉంగరం, ఆరో బిందెకు దొర పారిపోతూ పారేసుకున్న ఉంగరం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరు మంచిదే, నా నోటిదే తప్పు.

మధ్యాహ్నం అత్త జొన్నరొట్టెలు చేస్తుంటే క్యాంపు నుంచి పోలీసు అధికారి అయిన అమీన్ సాబు ఇద్దరు జవాన్లతో దిగాడు. చేని దగ్గరే పట్టుకున్న మామను ముందు నడిపించుకొచ్చారు. మామకు ఏమీ తెలియదు, కాళ్లకు ఇంకా బురద ఉంది.

"రాజయ్యా, గడీల పోయిన నవాబు ఉంగరం నీ ఇంట్ల ఉన్నదట."

"నా ఇంట్ల నవాబు ఉంగరమేంది సాబ్?"

అత్త ఉంగరం ఉన్న చేతిని గబుక్కున పిండిముద్దలో గుచ్చింది.

"చెయ్యి తియ్యి" అన్నాడు అమీన్.

"రొట్టెలు జేస్తున్న సాబ్."

"తియ్యమన్న."

చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మామను ఇప్పుడు నా మాట మీద తీసుకుపోతారు. నిజం చెబుదామంటే నిజమేమిటో నాకూ తెలియదు. ఏడుపు మాత్రం వచ్చింది.

అత్త చెయ్యి తీసింది. అమీన్ చేతిని చూడలేదు. వంగి పిండిని చూశాడు. అందులో రాయి గుద్దుకుని అక్షరాలు చక్కగా పడ్డాయి.

"బందెలదొడ్డి. నంబర్ బారా" అని చదివాడు.

బందెలదొడ్డి అంటే ఒకరి చేలో పడి మేసిన గొడ్లను కట్టేసే చోటు. బారా అంటే పన్నెండు. ముద్ర వేసే ఉంగరంలో అక్షరాలు తిరగేసి చెక్కుతారు, గుద్దితేనే సరిగ్గా పడతాయి. ఉర్దూలో రెండును తిరగేస్తే ఆరులా ఉంటుంది. ఆ లెక్కన గొడ్ల దొడ్డి పన్నెండో నంబరు నా చేతిలో అరవై ఒకటో నవాబైంది.

మామ ఊపిరి పీల్చుకున్నాడు. "మా బాపు దొడ్డి కావలి ఉండె సాబ్. పసులను ఇడిసేటప్పుడు చీటీ మీద గిదే గుద్దేటోడు."

"మరి లోపల గాట్లు?" అన్నాను. ఆ సమయంలో కూడా ఉండబట్టలేదు నాకు.

"నాకు పండ్లు మొలిసేటప్పుడు కొరికిన" అన్నాడు మామ.

"ఢిల్లీ పనితనం" అంది అత్త, నా వైపు చూస్తూ.

అమీన్ మీసం కింద నవ్వు ఆపుకున్నాడు. "నవాబుదని సదివినోడు ఎవడు?"

ఎవరూ వేలెత్తి చూపలేదు. అందరూ నన్ను చూశారు, అంతే.

"రాజయ్యా, ఆ దొడ్డి ఇంక ఉన్నదా?"

"ఉన్నది సాబ్."

"అయితే గీ దున్నపోతును గండ్ల తోలి తాళమెయ్యి. ఊరి మీద పడి మేస్తున్నది."

వాళ్లు వెళ్లిపోయారు. మామ ఆ పిండితోనే రొట్టె చేయించి, నంబరున్న ముక్క నా పళ్లెంలో వేశాడు. అందుకని తెలుగు పాఠకలోకం సాక్షిగా, జొన్నరొట్టె మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇకమీదట ఎవరు ఏ ఉంగరం తెచ్చినా ముందు పిండికి చూపిస్తాను. పిండి చదివాకే నేను నోరు తెరుస్తాను, అదీ రొట్టె తినడానికే.