మహారాణి పక్కన పటేలు ముఖం

మా బామ్మర్ది కోదాడలో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ పెట్టాలనుకున్నప్పుడు అతనికి దొరికిన జాగా ఒక్కటే, మునగాల పటేలు బిల్డింగులో మేడమీది హాలు. పటేలు ఇంకా పూర్తిగా మాట ఇవ్వలేదు. ప్రారంభానికి తానే వచ్చి రిబ్బన్ కత్తిరిస్తానని, ఆ రోజు పద్ధతి చూసి తాళంచెవి ఇచ్చేదీ లేనిదీ చెబుతానని అన్నాడు.

బామ్మర్ది చెప్పేది ప్రపంచ చరిత్ర. అందుకని ఫ్లెక్సీ మీద ఏడుగురు ప్రపంచ ప్రముఖులను, ఎనిమిదో మనిషిగా పటేలును వేయించాలనుకున్నాడు. చుట్ట నోట్లో పెట్టుకున్న బ్రిటన్ ప్రధాని, కిరీటంతో వాళ్ళ మహారాణి, బానిసలకు విడుదల ఇప్పించిన అమెరికా పొడుగాయన, ఇంకో నలుగురు. మన దగ్గర ఫ్లెక్సీ అంటే ఎవరి తల ఎంత అన్నదే అసలు సంగతి. పక్కవాడి తలకంటే తన తల చిన్నదైతే ఆ మనిషి మన ఇంటి పెళ్ళి భోజనానికి కూడా రాడు. అందుకే నన్ను సూర్యాపేట నుంచి పిలిపించాడు. నేను ఇంజనీరింగు చదవలేదు. ఇళ్ళ గోడలకు, స్లాబులకు లెక్కలు వేసి వేసి నేర్చుకున్నవాడిని.

తలల లెక్క స్లాబు లెక్కంత సులువు కాదు. మహారాణి కిరీటాన్ని తలలో కలపాలా వద్దా? కలిపితే ఆమె ముఖం నిమ్మకాయంత అవుతుంది. ప్రధానికి బుగ్గలు ఎక్కువ, పటేలుకు మీసాలు ఎక్కువ. చివరికి కిరీటాలు, టోపీలు, మీసాల కొసలు లెక్కలోంచి తీసేసి, గడ్డం నుంచి కనుబొమల దాకా అందరికీ ఒకే కొలత అని తేల్చాను. ఫ్లెక్సీ షాపులో టేపు పెట్టి చూశాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

తేడా రంగులో వచ్చింది. విదేశీయుల ఫొటోలన్నీ బ్లాక్ అండ్ వైట్, పటేలుదేమో చిలకపచ్చ చొక్కా. మ్యాచ్ కావడం లేదని షాపతను పటేలును కూడా బ్లాక్ అండ్ వైట్ చేశాడు. బామ్మర్దికి అందులో రాజసం కనిపించింది. పైన 'చరిత్రలో నిలిచిపోయిన మహనీయులు' అని రాయించి, ప్రారంభానికి ముందురోజు సాయంత్రమే బిల్డింగు ముందు, హైవే మీదికి కనబడేలా కట్టించాడు.

మన వైపు ఫ్లెక్సీ మీద రంగుల్లేని ముఖం కనబడిందంటే ఆ మనిషి పోయినట్టే. తెల్లారేసరికి బస్సుల్లో వెళ్ళినవాళ్ళు మునగాలంతా చెప్పేశారు. పటేలు వియ్యంకుడొకాయన ఫోన్ చేసి శవాన్ని ఎప్పుడు తీస్తారని అడిగితే, ఫోనెత్తిన పటేలే టిఫిన్ అయ్యాక చెబుతానన్నాడట.

పటేలు కారు దిగేసరికి బామ్మర్ది నా వెనక్కి చేరాడు. పటేలు తాళంచెవిని వేలికి తిప్పుకుంటూ ఫ్లెక్సీ కింద నిలబడి ఒక్కొక్క ముఖాన్నీ చూశాడు.

"మేస్త్రీ, వీళ్ళల్ల బతికున్నోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"లేరు పటేలా. కొలత మాత్రం అందరిది సమానమే."

"కొలత సరే. నా పక్కన గీ కిరీటమామె ఎవరు? మా ఇంటామె నేను పోయిననని ఏడ్వలే. ఈమె ఎవరో తేలినంకనే ఏడుస్తనన్నది."

ఆమె బ్రిటన్‌ను ఏలిన మహారాణి అని, మనవలు, మునిమనవలు ఉన్న మనిషని చెప్పాను. పటేలు కొంత కుదుటపడ్డాడు. అంతలో మిర్యాలగూడ నుంచి అతని చెల్లెలు దిగింది. అన్నను చూసి ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నేరేడుచర్ల కాడ్నుంచి ఏడ్సుకుంట వచ్చిన అన్నా. సావలేదని ఒక్క ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయింది?"

పటేలుకు నవ్వొచ్చింది. అది చూశాకే బామ్మర్ది నా వెనకనుంచి బయటికి వచ్చాడు. తన ముఖం రంగులో అతికించాలని, అప్పటిదాకా తాను ఫ్లెక్సీ కిందనే కుర్చీలో కూర్చుని బతికున్నట్టు జనానికి కనబడతానని పటేలు తీర్పు చెప్పాడు. అలాగే కూర్చున్నాడు కూడా. మధ్యాహ్నానికి చిలకపచ్చ చొక్కా అతికింది. రిబ్బన్ తెగింది. తాళంచెవి బామ్మర్ది చేతికి వచ్చింది.

ఇప్పుడు చూస్తే ఆ ఏడుగురికీ పటేలు సంతాపం తెలుపుతున్నట్టు ఉంది. కూతురిని చేర్పించడానికి వచ్చిన మునగాల రైతు ఒకాయన ఫ్లెక్సీ చూసి చెప్పులు విడిచాడు. వీళ్ళందరూ ఒక్క యాక్సిడెంట్‌లోనే పోయారా అని పటేలును మెల్లగా అడిగాడు. పటేలు మహారాణి వైపు వేలు చూపించాడు.

"ఈమె ముసలితనంతోనే పోయిందంట. మిగతోళ్ళ సంగతి మేడమీద సార్ చెప్తడు. మెట్లెక్కు."