ఎడమ పక్క శాస్త్రం

ఫిట్టరు భార్యను వీధి వీధంతా శాస్త్రమ్మ అంటుంది. ఆమె చదివిన శాస్త్రం ఒక్కటీ లేదు. పుట్టించిన శాస్త్రం మాత్రం ఒకటుంది: పెద్దవాళ్ళకు ఎడమ పక్క కూర్చుని మాట్లాడకూడదు. ఇప్పుడది వీధిలో మర్యాద, మిల్లులో నియమం, పిల్లల్లో భయం.

దాని పుట్టుక చాలా చిన్నది. మిల్లు మోతలో ఏళ్ళ తరబడి పనిచేసి ఫిట్టరుకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. సంగతి బయటపడితే మర్నాడే ఇంటికి పంపేస్తారు. అందుకని మొగుడూ పెళ్ళాలు గుట్టుగా ఉన్నారు. ఒకనాడు ఫోర్‌మన్ ఇంటికొచ్చి, సరిగ్గా ఆ పక్కనే కుర్చీ లాక్కుని ఏదో అడిగాడు. ఫిట్టరు గోడకేసి చూస్తూ చిరునవ్వు నవ్వాడు. ఫోర్‌మన్ మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే నవ్వు. వంటింటి గుమ్మంలో ఉన్న ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

“అయ్యయ్యో, ఎడమ పక్క కూర్చున్నారేంటండీ! అటు కూర్చుని మాట్లాడితే చెప్పినవాళ్ళకీ, విన్నవాళ్ళకీ కూడా కీడండీ. మా పెద్దవాళ్ళు ససేమిరా ఒప్పుకునేవాళ్ళు కాదు,” అంది.

ఫోర్‌మన్ ఒక్క ఉదుటున లేచి కుడి పక్కకు మారాడు. ఆ నెలలోనే అతనికి ప్రమోషన్ వచ్చింది. ఇక చెప్పేదేముంది, మిల్లంతా గుప్పుమంది.

తర్వాత మేధావులు రంగంలోకి దిగారు. గుండె ఎడమ పక్క ఉంటుంది గనుక మాటల తాకిడి దానికి తగలకుండా పూర్వీకులు ముందుచూపుతో చేసిన ఏర్పాటని రిటైరైన బడిపంతులు తేల్చాడు. లైబ్రరీ గుమాస్తా కాదు పొమ్మన్నాడు. రాజుల కాలంలో కత్తి ఎడమ పక్క వేలాడేదట, అటు నిలబడ్డవాణ్ణి అనుమానించేవారట. ఈ విషయం మీద ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. శాస్త్రమ్మ రెండు వాదనలూ నోరు తెరుచుకుని విని, చదువంటే ఇదీ అనుకుంది.

మిల్లు డాక్టరు ఏటా చెవులు పరీక్షించేవాడు. ఒక్కో చెవి దగ్గరా గుసగుసగా ఒక మాట అంటే, అవతలివాడు దాన్ని తిరిగి చెప్పాలి. డాక్టరు చదువుకున్నవాడు, ఇలాంటివి నమ్మడు. నమ్మకపోయినా ఎందుకొచ్చిన గొడవ అనుకుని రెండు మాటలూ కుడి పక్క నుంచే అని, రెండు చెవులూ భేషని రాసేవాడు. ఫిట్టరు దర్జాగా రిటైరయ్యాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఇంట్లో కూతురుంది. చిన్నపిల్ల నోట్లో నువ్వుగింజ నానదని దానికీ అసలు సంగతి చెప్పలేదు. ఫిట్టరు ఇంకా ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఒక పొద్దున ఆ పిల్ల ఆడుతూ ఆడుతూ తండ్రి ఎడమ భుజమెక్కి బడి కబుర్లన్నీ చెప్పింది. ఆ సాయంత్రమే మిల్లులో అతని వేళ్ళు యంత్రంలో నలిగాయి. నా వల్లే అని పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. కాదని చెప్పాలంటే చెవి సంగతి చెప్పాలి. ముందు ఉద్యోగం నిలబడనీ, భయందేముంది, పెద్దయ్యాక అదే పోతుందిలే అనుకుంది తల్లి. అది పోలేదు. పిల్లతో పాటే పెరిగి పెద్దదయింది.

ఇప్పుడు ఫిట్టరు పక్షవాతంతో మంచాన పడ్డాడు. గది ఇరుకు. మంచానికి కుడి పక్క గోడ, మనిషి కూర్చునే చోటు ఎడమ పక్కనే. కూతురు సెలవు పెట్టి పరుగున వచ్చింది. వచ్చి మంచం కాళ్ళ దగ్గరే నిలబడిపోయింది. ఆయన చెయ్యి దుప్పటి మీద ఆమె కోసం తడుముకుంటోంది. ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు డాక్టర్లు. శాస్త్రమ్మ ఇన్నేళ్ళ గుట్టూ కూతురి ముందు విప్పేసింది.

కూతురు ఓపిగ్గా విని, “నా మనసు తేలికపడాలని ఎంత కథ అల్లావమ్మా,” అంది.

“కథ అల్లింది అప్పుడే తల్లీ. ఇది నిజం!”

“చెవి వినపడకపోతే డాక్టరు ఏటా భేషని ఎలా రాశాడు?”

శాస్త్రమ్మ భర్త వైపు తిరిగి గొంతు పెంచింది. “మీరైనా చెప్పండి! మీకు ఎడమ చెవి వినపడదు కదూ?”

ఆయన తలూపాడు.

“నువ్వేమన్నా నాన్న తలూపుతారుగా. పెళ్ళైన దగ్గర్నుంచీ అంతేగా,” అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ.

శాస్త్రమ్మకు రోషం వచ్చింది. “అయితే చూడు,” అని భర్త ఎడమ పక్కన మంచం మీద చతికిలబడి, “ఏమండీ, అమ్మాయొచ్చింది,” అని ఆ చెవిలో చెప్పింది. అన్నాళ్ళ సేవలోనూ అటు నిలబడిందే గానీ కూర్చున్నది లేదు.

ఆయనకు పొలమారింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చి ముఖం కందగడ్డయింది.

“అమ్మా, లే!” అని కూతురు కేక పెట్టింది.

అప్పటికే శాస్త్రమ్మ లేచి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఆ శాస్త్రం పుట్టింది తన నోట్లోంచేనని లోకంలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. అయినా మళ్ళీ కూర్చోవడానికి మోకాళ్ళు వంగలేదు.

దగ్గు తగ్గింది. ఆయన చెయ్యి మళ్ళీ వెతుకుతోంది.

“ఆ చివర పట్టుకో అమ్మాయ్. మంచం ఇటు లాగుదాం,” అంది శాస్త్రమ్మ.

“తలుపుకి అడ్డమొస్తుందమ్మా.”

“రానీ.”

ఇద్దరూ లాగారు. కూతురు గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కుని కూర్చుని తండ్రి చెయ్యి పట్టుకుంది. శాస్త్రమ్మ ఇటు పక్క నిలబడే ఉంది.