చప్టా మీద ఆగిన కారు

నందిగామలో ఆడవాళ్లకి కారు నేర్పే రాజ్యశ్రీ, తాను స్టీరింగు పట్టుకున్నది నలభై దాటాకే. భర్త భవానీప్రసాద్ కోర్టులో గుమాస్తాగా చేసేవాడు. నీటికాసుల జబ్బుతో ఆయన చూపు మెల్లగా తగ్గిపోతున్న రోజుల్లో ఆమె కారు అమ్మేద్దామంది. ఆయన ఒప్పుకోలేదు. మిగిలిన కాస్త చూపుతో పక్కన కూర్చుని, కాలేజీ గ్రౌండులో ఆమెకి గేర్లు నేర్పాడు. చూపు పూర్తిగా పోయేనాటికి, ఆయన్ని విజయవాడ కంటి ఆసుపత్రికి ఆమే నడుపుకుంటూ తీసుకెళ్లేది.

అది చూసి వీధిలో ఒకావిడ "మాకూ నేర్పకూడదా?" అని అడిగింది. ఆమె వెనక ఇంకొకరు వచ్చారు. పక్క సీటు ముందు మరో బ్రేకు బిగించి, రాజ్యశ్రీ దాన్నే పనిగా పెట్టుకుంది.

సాయంత్రం కారు సందులోకి తిరగ్గానే భవానీప్రసాద్‌కి తెలిసిపోయేది. రోడ్డు మీద ఎన్ని బండ్లు పోతున్నా ఆ ఇంజన్ చప్పుడు ఆయన చెవికి వేరుగా వినపడేది. గోడ తడుముకుంటూ వచ్చి గేటు తీసి నిలబడేవాడు.

మొన్న వానాకాలంలో చెవిటికల్లు అమ్మాయి ఉషశ్రీ నేర్చుకోవడానికి చేరింది. గ్రామ సచివాలయంలో ఉద్యోగం. భయస్తురాలు. ఒకరోజు పాఠం అయ్యాక ఆమె చేతే నడిపించుకుంటూ రాజ్యశ్రీ ఊళ్లో దింపడానికి బయలుదేరింది. దారిలో వాన పెద్దదైంది. ఊరి ముందు వాగు చప్టా మీద నీళ్లు పారుతున్నాయి. లోతు లేదనుకున్నారు. నడిమధ్యకి వచ్చేసరికి నీళ్లు బానెట్ మీదికి ఎగదన్నాయి, ఇంజన్ ఆగిపోయింది.

"ఆంటీ, నీళ్లు లోపలికొస్తున్నాయి!"

"భయపడకు. ఇంకోసారి తిప్పు."

ఉషశ్రీ తాళం తిప్పింది. రెండు మూడుసార్లు మొరాయించి ఇంజన్ అందుకుంది. లోపల సుత్తితో కొడుతున్నట్టు టకటకమంటూనే కారు అవతలి గట్టెక్కింది. ఎక్కీ ఎక్కగానే పెద్ద చప్పుడు. కారు కింద నల్లగా ఆయిలు పరుచుకుంది. వానలో నిలబడి ఉషశ్రీ వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు కారుని జగ్గయ్యపేటలో మెకానిక్ వీరరాఘవయ్య షెడ్డుకి లాగించారు. ఆ కారు సంగతి మొదటినుంచీ చూస్తున్నది ఆయనే. ఇంజన్ దించి చూసి ఫోన్ చేశాడు.

"లోపలికి నీళ్లు పోయాక స్టార్ట్ చేశారమ్మా. కనెక్టింగ్ రాడ్ వంగి, విరిగి, ఇంజన్ గోడ బద్దలుకొట్టుకుని బయటికొచ్చింది. వెల్డింగు పెట్టి, కొత్త రాడ్డు, పిస్టన్లు వేసి లేపొచ్చు. లేదా విజయవాడ ఆటోనగర్ నుంచి మంచి కండిషన్లో ఉన్న వేరే ఇంజన్ తెప్పించి మార్చెయ్యొచ్చు. మీ ఇష్టం."

"వెల్డింగు పెట్టండి," అంది రాజ్యశ్రీ, ఆలోచించకుండానే.

పక్కనే కుర్చీలో ఉన్న భవానీప్రసాద్ అంతా విన్నాడు. "రేపు నేనూ వస్తా. ఒకసారి చూస్తా," అన్నాడు. చూస్తా అనే అంటాడు ఎప్పుడూ.

ఇద్దరూ బస్సులో జగ్గయ్యపేట వెళ్లారు. షెడ్డులో బల్ల మీద పెట్టిన ఇంజన్ దగ్గరికి వీరరాఘవయ్య ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. భవానీప్రసాద్ దాన్ని పైనుంచి కిందిదాకా నెమ్మదిగా నిమిరాడు. బద్దలైన చోట వేళ్లు ఆగాయి. పగిలిన అంచు చుట్టూ తడిమి, రెండు వేళ్లు లోపలికి పోనిచ్చాడు.

"వీరరాఘవయ్య గారూ, మీ అమ్మాయి రోజూ ఈ బండేసుకుని హైవే మీద తిరుగుతుందనుకోండి. మీరేం చేస్తారు?"

వీరరాఘవయ్య ఒక్క క్షణం రాజ్యశ్రీ వంక చూశాడు. "మార్చేస్తానండి."

"అయితే మార్చెయ్యండి."

షెడ్డు బయటికొచ్చాక రాజ్యశ్రీ ఆయన్ని రోడ్డు దాటించింది. టీ కొట్టు బెంచీ మీద కూర్చోబెట్టి గ్లాసు చేతికిచ్చింది. ఆయనే కదిలించాడు.

"కోపమొచ్చిందా?"

"కోపం కాదు. ఇంజన్ మారితే చప్పుడూ మారిపోద్ది. నేనొచ్చినట్టు మీకెట్టా తెలుస్తుంది?"

భవానీప్రసాద్ గ్లాసు పక్కన పెట్టాడు. "అందుకనా వెల్డింగు పెట్టమన్నావ్! నేను గేటు తియ్యడం కోసం నువ్వు అతుకుల ఇంజన్ మీద తిరుగుతావా రాజ్యం? లారీల మధ్యలో అది పుటుక్కుమంటే?" ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. "కొత్తలో తెలీకపోతే హారన్ కొట్టు. లోకమంతా కొట్టేదే కదా."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇంజన్ మార్చారు. ఆర్.సి.లో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించారు. కారు ఇంటికొచ్చిన సాయంత్రం భవానీప్రసాద్ వరండాలోనే కూర్చుని ఉన్నాడు. రాజ్యశ్రీ హారన్ కొట్టలేకపోయింది. దిగి తనే గేటు తీసుకుంది. ఆ చప్పుడుకి ఆయన ఉలిక్కిపడి లేచాడు. "వచ్చేశావా? బాగుందే, ఇది గొంతు తగ్గించి మాట్లాడుతోంది," అన్నాడు. మర్నాటినుంచి పాఠాలకి తనూ వస్తానన్నాడు. "ఎక్కి తిరిగితేగా పరిచయమయ్యేది."

ఉషశ్రీ మాత్రం రావడం మానేసింది. ఫోన్ ఎత్తడం లేదు. ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ చెవిటికల్లు వెళ్లారు. వాళ్లని చూడగానే ఆ అమ్మాయి మొహం వాడిపోయింది.

"నావల్లే కదాంటీ మీ బండి పాడైంది. ఇంక నేను స్టీరింగు పట్టుకోను."

"తిప్పమన్నది ఎవరు? నేనేగా," అంది రాజ్యశ్రీ. "నీళ్లలో ఆగిన బండిని తిప్పకూడదని నీకు చెప్పాల్సింది నేను. ఆ కంగారులో నాకే తోచలేదు. నువ్వు నేను చెప్పిందే చేశావ్. పైగా ఇద్దర్నీ గట్టెక్కించావు."

ఉషశ్రీ కారు వైపు చూసింది. వెనక సీట్లోంచి భవానీప్రసాద్ తల బయటపెట్టాడు.

"రామ్మా. నేను వెనకే కూర్చుంటా. నువ్వెట్టా నడిపినా నాకు కనపడదులే."

ఆ అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. కాసేపు తటపటాయించి, చెప్పులు సర్దుకుని ఎక్కింది. చప్టా మీద ఇప్పుడు నీళ్లు లేవు. అయినా అక్కడికొచ్చేసరికి ఉషశ్రీ వేగం బాగా తగ్గించింది. రాజ్యశ్రీ తన బ్రేకు మీద కాలు పెట్టలేదు. కారు దాటింది.

కంచికచర్ల దగ్గర హైవే ఎక్కి పరిటాల దాకా వెళ్లారు. దూరంనుంచే కనపడే హనుమంతుడి విగ్రహం దగ్గర పడ్డాక పక్కన ఆపి, ముగ్గురూ చెరకు రసం తాగారు. ఉషశ్రీ గ్లాసు ఖాళీ చేసి, తడి అరచేతులు చున్నీకి తుడుచుకుంది.

"ఆంటీ, వెనక్కి కూడా నేనే నడపనా?"