పెసరట్లవాళ్ళ పిల్ల

విదేశంలో మా అమ్మాయి ఉండే టార్నీట్‌లో పక్కింటి బాక్స్టర్ గారు రొట్టె కాల్చితే వాసన మా వంటింటి దాకా వస్తుంది. ఆవిడది స్కాట్లాండ్ వంశం. నిన్న రొట్టె ఇవ్వడానికొచ్చి తన ఇంటిపేరు కథ చెబితే, మనవరాలు నాకు తెలుగులో చెప్పింది.

"అమ్మమ్మా, బాక్స్టర్ అంటే రొట్టెలు చేసే లేడీ అట. సో కూల్!"

నాకు మా నాయనమ్మ పెనం గుర్తొచ్చింది. తాత పోయాక ఆవిడ వీధరుగు మీద పెసరట్లు వేసి అమ్మేది. ఊరంతా మమ్మల్ని పెసరట్లవాళ్ళనేది. అదే మా ఇంటిపేరనుకుని, బళ్ళో పంతులుగారు అడిగితే "పెసరట్ల" అని గట్టిగా చెప్పాను. పిల్లలంతా పగలబడి నవ్వారు. ఇక బడికి వెళ్ళనని ఇంటికొచ్చి ఏడ్చాను.

"ఆ అట్లు అమ్మితేనే నీకు పలకొచ్చిందే! నవ్వనీ. రేపు వెళ్ళకపోతే వీపు చీరేస్తాను" అని నాయనమ్మ కసిరి, మాడిన అట్టొకటి నా చేతిలో పెట్టింది. మంచివి అమ్మకానికి మరి.

వెళ్ళాను. నాకొచ్చిన నాలుగక్షరాలూ ఆ పెనం పెట్టినవే.

"మరి మీ ఇంటిపేరు?" అని నిన్న బాక్స్టర్ గారు నన్నడిగారని మనవరాలు చెప్పింది. "పెసరట్ల" అన్నాను. ఈ పొద్దున ఆవిడకో అట్టు వేసి పంపాను, మాడనిది.