తక్కో బా నది దాటని ప్రయాణం

తక్కో బాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. ఏది చూసినా "ఎందుకలా?" అని అడక్కుండా ఉండలేదు. ఆవులు గాలికి ఎదురుగా ఎందుకు పడుకుంటాయని అడిగి తండ్రి చేత తిట్లు తింది. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషి మీసాలు ఒక పక్కనే ఎందుకు నెరిశాయని అడిగి, ఆ సంబంధమే పోగొట్టుకుంది. అమెరికాలోని కొలంబస్ వచ్చి, పెళ్ళి చేసుకుని, హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో కుదురుకుని, నలభై దాటినా ఆ జబ్బు తగ్గలేదు.

అందుకే తపాలాలో ఆ చిన్న పుస్తకం వచ్చిననాడు అందరిలా ముద్దుపెట్టుకుని పెట్టెలో దాచుకోలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక్కో పేజీ దీపానికి అడ్డుపెట్టి చూసింది. లేత ఆకుపచ్చ అట్ట. లోపల తన ఫొటో, తన పేరు. అచ్చం పాస్‌పోర్టులాగే ఉంది గానీ, పాస్‌పోర్టు కాదట. శరణార్థుల ప్రయాణ పత్రమట. మరి ఇదేమిటి? మర్నాడు పని అవగానే దాన్ని చీర కొంగులాంటి తన పొడవాటి ముసుగులో చుట్టుకుని కాలిదు జాలో దగ్గరికి వెళ్ళింది.

కాలిదు క్లీవ్‌లాండ్ అవెన్యూలో ఫోన్ కార్డులమ్మే కొట్టు వెనక గదిలో కూర్చుని, మారిటానియా నుంచి వచ్చిన మనవాళ్ళందరి కాగితాలూ నింపి పెడుతుంటాడు. బా వంశానికీ జాలో వంశానికీ బావామరదళ్ళ వరస. ఎదురుపడితే వేళాకోళంగా నాలుగు మాటలనుకోవాల్సిందే. అనుకోలేదంటే ఎవరికో ఒంట్లో బాగోలేదని అర్థం.

"రావమ్మా రా, అలసందలు మింగి మింగి నడవలేని వంశపు ఆడపడుచా! దారి తప్పావా?" అన్నాడు కాలిదు.

"మీ జాలోలు అలసందల కుండ నాకీ నాకీ అడుగు చిల్లుపడిందట గదా బావా. చూసి పోదామని వచ్చా."

"చూడు, చూడు. కుండ మీ ఇంట్లోంచి ఎత్తుకొచ్చిందేలే. ఇంతకీ ఏమిటి సంగతి?"

తక్కో పుస్తకం ముందు పెట్టింది. "గ్రీన్‌కార్డ్ వచ్చింది గదా, మళ్ళీ ఇదెందుకు?"

"గ్రీన్‌కార్డ్ ఈ ఇంటి గుమ్మం దగ్గర పనికొస్తుంది. దారిలో గుమ్మాల సంగతేంటి? ప్రతి వాడూ నువ్వెవరని అడుగుతాడు. ఎవరి దేశం వాళ్ళకి పాస్‌పోర్టిచ్చి పంపుతుంది. నీ దేశం నీకేమిచ్చింది?"

"ఉన్న కాగితం చించింది."

"అదీ. అందుకని వీళ్ళిచ్చారు."

"ఇప్పుడు మారిటానియా వాళ్ళు అడిగితే పాస్‌పోర్టులు ఇస్తున్నారటగా?"

కాలిదు నవ్వు ఆపాడు. "ఇచ్చినా ముట్టకు మరదలా. ఆ ప్రభుత్వం నన్ను బతకనివ్వదు అని జడ్జి ముందు ప్రమాణం చేశావు. ఇప్పుడు దాని దగ్గరికే పోయి చెయ్యి చాపితే, తిరిగొచ్చేటప్పుడు ఇక్కడివాళ్ళు అడగరూ, మరి అప్పుడు చెప్పిందేమిటని? అమ్మని చూసిరావాలంటే సెనెగల్ వీసా ఈ పుస్తకంలోనే కొట్టించుకో. ఇది ఏడాదే పనిచేస్తుంది, అక్కడ కూర్చుని పొడిగించుకోవడం కుదరదు. ఇంకొక్క మాట. నది దాటకు."

"అమ్మ నది అవతల ఉంది."

"తెలుసు. అందుకే చెప్తున్నా."

తక్కో పుట్టిన బెలెల్ గ్రామం, సెనెగల్‌కీ మారిటానియాకీ మధ్య పారే నదికి ఉత్తరపు ఒడ్డున, మారిటానియాలో ఉంది. ఆమె పడుచుగా ఉన్నప్పుడు ఒక ఉదయం సైనికులు వచ్చి, నల్లవాళ్ళంతా అవతలివాళ్ళేనని చెప్పి, గుర్తింపు కార్డులు చించి, పశువుల్ని తోలుకుపోయి, ఊరు ఊరంతటినీ పడవలెక్కించి సెనెగల్ ఒడ్డున దించేశారు. తల్లి సిర పడవ వెనకభాగంలో కూర్చుని, ఊరు కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉందట. ఆ తర్వాత గుడారాల్లో బతుకు. తక్కో అక్కడినుంచి డాకర్‌కు, డాకర్ నుంచి న్యూయార్క్‌కు, చివరికి కొలంబస్‌కు చేరింది. చాలా ఏళ్ళకు ప్రభుత్వం మారి, వెళ్ళగొట్టినవాళ్ళని తిరిగి రమ్మన్నప్పుడు, మొదటి బండిలో ఎక్కి కూర్చున్నది సిర. ఇంటి గోడలు కూడా మిగల్లేదు. అయినా అక్కడే గుడిసె వేసుకుంది. "చచ్చినా ఇక దక్షిణం వైపు పడవెక్కను" అని ఒట్టు పెట్టుకుంది.

అమెరికా పౌరసత్వానికి తక్కో ఇంకా కొన్నేళ్ళు ఆగాలి. తల్లి అంతకాలం ఆగేలా లేదు. ఫోనులో గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది.

డాకర్‌లో దిగినప్పుడు పోలీసు ఆ పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, వీసా ముద్ర కనపడ్డాక వదిలేశాడు. తక్కో బస్సులో నది ఒడ్డున ఉన్న మాతం ఊరు చేరి, పినతల్లి కొడుకు ఇంట్లో సంచి పడేసి, ముఖం కూడా కడుక్కోకుండా నది దగ్గరికి పోయింది. ఎండాకాలం, నీళ్ళు తగ్గి ఉన్నాయి. అవతలి ఒడ్డున మనుషులు చీమలంత కాదు, మేకపిల్లలంత కనబడుతున్నారు. ఫోన్ తీసింది.

"అమ్మా, నది దగ్గరున్నా."

"నేనూ నది దగ్గరే ఉన్నా. పసుపుపచ్చ ముసుగు నాదే. కనపడ్డానా?"

"కనపడ్డావమ్మా. చెయ్యి ఊపు. ఆ, అదీ! ఇటు రా అమ్మా."

"నువ్వు రా."

"నేను రాకూడదు."

"నేను రాను."

ఇద్దరూ చెవులకి ఫోన్లు ఆనించుకుని, ఎదురెదురుగా, నీళ్ళకి అటొకరూ ఇటొకరూ నిలబడిపోయారు. వలలు బాగుచేసుకుంటున్న బెస్తవాళ్ళు పనాపి చూడసాగారు. వాళ్ళలో పెద్దవాడు బొకార్ జావ్. తక్కో వాళ్ళలాంటి పశువుల వాళ్ళని ఏడిపించకపోతే బెస్తవాళ్ళకి తిన్నది అరగదు.

"ఏమ్మాయ్, మోకాలిలోతు నీళ్ళకే ఇంత భయమా? ఆవు తోక పట్టుకుని దాటండి" అన్నాడు.

తక్కో ఫోన్ పెట్టేసి అతని దగ్గరికి వచ్చింది. "మామా, నిన్నొకటి అడగాలి. రెండు దేశాల మధ్య గీత ఈ నదిలో ఎక్కడుంది?"

బొకార్ తల గోక్కున్నాడు. ఇన్నేళ్ళ వయసులో తననెవరూ అది అడగలేదు. "మా నాన్న బాగా లోతున్న చోట అనేవాడు. ఇక్కడి పోలీసాయన అవతలి ఒడ్డంటాడు. అక్కడి పోలీసాయన ఇవతలి ఒడ్డంటాడు."

"నువ్వేమంటావు?"

"చేపలెక్కడుంటే అక్కడికి పోతానంటాను."

"అయితే నడిమికి పోతే నేను దాటినట్టా, దాటనట్టా?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలో మాటా అన్నారు. ఒకడు దాటినట్టేనన్నాడు, ఇంకొకడు ఒడ్డు తాకితేగాని దాటినట్టు కాదన్నాడు. తేలలేదు. కానీ తక్కోకి ఆలోచన తట్టింది. మళ్ళీ తల్లికి ఫోన్ చేసింది. నది నడిమికి రమ్మంది.

"నడిమి దాకా అయితే వస్తా" అంది సిర. "కానీ పడవ ముక్కు మా ఊరివైపే ఉండాలి. నేను అటువైపు బయల్దేరినట్టు ఉండకూడదు."

ఫోన్ బొకార్ చేతికిచ్చింది తక్కో. "అంటే తల్లీ, పడవని వెనక్కి నడపమంటావా?" అన్నాడతను.

"బెస్తవాడివి గదా, ఆమాత్రం చేతకాదా?" అంది సిర.

"ఎందుకు చేతకాదు! మా వంశంలో ఇంతవరకూ ఎవరికీ అవసరం పడలేదు, అంతే."

బొకార్ అవతలికి వెళ్ళి సిరని ఎక్కించుకున్నాడు. అతని తమ్ముడు తక్కోని తీసుకెళ్ళాడు. కాబట్టి ఇన్నేళ్ళ తర్వాత తక్కోకి ముందుగా కనపడింది తల్లి ముఖం కాదు, వీపు. గెడతో వెనక్కి తోస్తుంటే ఆ వీపు మెల్లగా దగ్గరికి వచ్చింది. ఎంత చిన్నదైపోయింది! భుజం ఎముకలు గుడ్డలోంచి తెలుస్తున్నాయి. పడవలు రెండూ తగిలి, తాడు బిగించాక, సిర కూర్చున్నచోటే కూర్చుని మెడ ఒక్కటి తిప్పింది.

"లావయ్యావే" అంది.

తక్కోకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పడవ ఊగిపోతున్నా లెక్కచెయ్యక తల్లి భుజం మీద తల వాల్చేసింది. బెస్తవాళ్ళిద్దరూ అటు తిరిగి నీళ్ళని పరిశీలించసాగారు.

సిర సొరకాయ బుర్రలో పుల్లటి పాలూ, గుడ్డలో మూటకట్టిన లాచిరీ, అంటే ఆవిరి మీద ఉడికించిన జొన్న నూకలూ తెచ్చింది. నలుగురూ కలిసి తిన్నారు. తింటూనే ఆమె, కూతురి జబ్బు ఎక్కడినుంచి వచ్చిందో తెలిసేలా, అడుగుతూ పోయింది. అక్కడ ఆవులకి కొమ్ములుంటాయా? మంచు తింటే ఎలా ఉంటుంది? నీ మొగుడు టీ కాస్తాడా, లేక నువ్వే కాయాలా? ఆ కాగితం పుస్తకం ఏదీ, చూపించు.

తక్కో చూపించింది. సిరకి చదువు రాదు. ఫొటో మీద వేలు పెట్టి, తర్వాత అక్షరాల మీదికి జరిపింది. "ఇక్కడ ఏం రాశారు?"

"నా పేరు."

"ఇక్కడ?"

"పుట్టిన దేశం. మారిటానియా."

సిర వేలు అక్కడే ఆగింది. "మళ్ళీ చదువు."

"మారిటానియా, అమ్మా."

"వాళ్ళు చించేసింది వీళ్ళు రాసిచ్చారా!" అని సిర పళ్ళులేని నోటితో పెద్దగా నవ్వింది. బొకార్‌ని పిలిచి అతనికీ చూపించింది. అతనికీ చదువు రాదు. అయినా వంగి, బాగా చూసి, "నిజమే" అన్నాడు.

ఆ తర్వాత తక్కో అక్కడున్నన్నాళ్ళూ మధ్యాహ్నం ఎండ తగ్గాక నది మధ్యలోనే కలుసుకునేవాళ్ళు. ఒకరోజు గాలి లేచి పడవలు కలవలేదు. అరుచుకుని మాట్లాడుకుని వెళ్ళిపోయారు. ఒడ్డున జనం దానికి నీళ్ళమీది కాపురమని పేరు పెట్టారు. ఆఖరి రోజున సిర కూతురి అరచెయ్యి తెరిచి, అందులో తన చెయ్యి పెట్టి, తాడు విప్పేదాకా అలాగే ఉంచింది.

డాకర్ విమానాశ్రయంలో చిక్కు వచ్చింది. కౌంటర్ దగ్గర పడుచుపిల్ల పుస్తకం పేజీలన్నీ తిప్పి, "దీంట్లో అమెరికా వీసా లేదు. ఎక్కించలేను" అంది.

"దానికి వీసా ఉండదమ్మా. ఇదిగో గ్రీన్‌కార్డ్."

"ఈ పుస్తకం నేనెప్పుడూ చూడలేదు. ఇది ఏ దేశానిది?"

ప్రశ్న న్యాయమైనదే. తక్కోకే మొదట్లో అర్థంకాలేదు. వెనక వరసలో గొణుగుడు మొదలైంది. ఆమె ఆ పిల్ల చొక్కా మీది పేరు చదివింది. తెనింగ్ ఫాయ్. "ఫాయ్? సెరేర్ పిల్లవా నువ్వు? అయితే మా ఇంటి దాసివి! అమ్మగారినే నిలబెట్టావా?"

తెనింగ్ ముఖం బిగపెట్టుకుందామని చూసింది గానీ వల్లకాలేదు. సెరేర్ జాతికీ మనకీ కూడా అదే వేళాకోళపు వరస మరి. "దాసి ఎవరో మీ తాతనడుగు. మా పెరట్లో ఆవుల్ని కాసింది ఎవరట?" అని, వెంటనే గొంతు తగ్గించి, "కానీ పిన్నీ, నవ్వించావని ఎక్కించలేను. నా ఉద్యోగం పోతుంది" అంది.

"ఎక్కించొద్దు. తెలిసినవాళ్ళని అడుగు. నేనూ వింటా, నాకూ తెలుసుకోవాలనుంది."

ఆ పిల్ల లోపలికి వెళ్ళి, ఎవరెవరికో ఫోన్ చేసి, నిబంధనల పుస్తకం చంకన పెట్టుకుని పై అధికారితో వచ్చింది. ముగ్గురూ కలిసి ఆ పేజీ చదివారు. శరణు పొంది, శాశ్వత నివాసం వచ్చినవాళ్ళు ఈ పత్రంతో తిరిగి వెళ్ళొచ్చు, గడువు ఉంటే చాలు. గడువుంది. "ఈసారి ఎవరైనా తెస్తే నాకు తెలుస్తుంది" అంది తెనింగ్, బోర్డింగ్ కార్డ్ ఇస్తూ.

విమానం దిగాక అమెరికా అధికారి, కుర్రవాడు, అడిగాడు. "ఈ ప్రయాణంలో మారిటానియా వెళ్ళారా?"

లేదు అంటే సరిపోయేది. కాలిదు అదే నేర్పి పంపాడు. కానీ అది నిజమో కాదో తక్కోకి తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ఆమెకి చేతకాదు.

"తెలియదు సార్" అంది.

అతను తలెత్తి చూశాడు. తీసుకెళ్ళి పక్కగదిలో కూర్చోబెట్టారు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆమె చాలాసేపు కుర్చీ అంచునే కూర్చుంది. చివరికి జుట్టు నెరిసిన ఒక అధికారిణి పిలిచింది. తక్కో తనకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పింది. నది, రెండు పడవలు, తాడు, పోలీసుల తగువు. అధికారిణి కంప్యూటర్‌లో పటం తెరిచి, నది దగ్గరికి పెద్దది చేసి, బల్ల మీదుగా తెర ఇటు తిప్పింది.

"ఎక్కడ?"

తక్కో వేలు పెట్టింది.

"అవతలి ఒడ్డు మీద కాలు పెట్టారా?"

"లేదు మేడమ్. చెయ్యి నీళ్ళలో పెట్టా. గిన్నె కడుక్కోవడానికి."

"మారిటానియా పాస్‌పోర్టు వాడారా? అడిగారా?"

"లేదు."

అధికారిణి ఏదో టైపు చేసింది. ఆగింది. "మీ అమ్మగారు అంతసేపూ అటు తిరిగే కూర్చున్నారా? ఎందుకు?"

తక్కో అప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకుంది. ఆ ప్రశ్న ఏ కాగితానికీ అక్కర్లేదని ఆమెకి తెలిసిపోయింది. ఆ ఉదయం సంగతీ, చించిన కార్డుల సంగతీ, ఒట్టు సంగతీ చెప్పింది. అధికారిణి విని, పుస్తకం మీద ముద్ర వేసి, "ఇంటికి స్వాగతం" అని చేతికిచ్చింది.

కాలిదు సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "తెలియదన్నావా! బా వంశానికి తెలివి లేదని మా తాత చెప్తే అతిశయోక్తి అనుకున్నాను!" ఆ తర్వాత ఆమె చేత ఆ కథ మళ్ళీ మొదటినుంచీ చెప్పించుకున్నాడు, కొట్లో ఉన్నవాళ్ళందరినీ పిలిచి మరీ.

వానలు వెళ్ళాక ఒక ఆదివారం తల్లికి ఫోన్ చేస్తే అవతల ఒకటే గోల.

"ఎక్కడున్నావమ్మా?"

"సంతలో."

"ఏ సంత?"

"మాతం సంత."

తక్కో చేతిలో గరిటె ఆగిపోయింది. "దక్షిణం ఒడ్డునా? మరి ఒట్టు?"

"ఒట్టు పెట్టుకున్నదాన్ని నేను, తీసేసినదాన్నీ నేనే. నడిమి దాకా వచ్చి వచ్చి చూశాను, నీళ్ళు ఊరికే నీళ్ళే. మిగతా సగంలో ఏముందోనని వచ్చా."

"ఏముంది?"

"ఉల్లిపాయలున్నాయి, మంచివి. ఉండు, ఈవిడ తూకంలో మోసం చేస్తోంది" అని ఫోన్ పెట్టేసింది.

మరుసటి వేసవికి తక్కో పుస్తకం గడువు తీరిపోయింది. కొత్తదానికి అర్జీ పెట్టి, వేలిముద్రలు ఇచ్చి వచ్చింది. ఈసారి తల్లి మాతంలోనే, పినతల్లి కొడుకు ఇంట్లో కాచుకుని ఉంటానంది. తలుపున్న గదిలో, కదలని నేల మీద పక్కపక్కన పడుకోవచ్చంది. మంచు ఎలా ఉంటుందో ఇంకా సరిగా చెప్పలేదని, వచ్చేటప్పుడు ఆ సంగతి బాగా కనుక్కుని రమ్మంది.